వియత్నాం నేతల అధికార పోరు: పాత పత్రికల్లో ఏది చదివితే మేలు?

1963లో దక్షిణ వియత్నాం అధ్యక్షుడు డియెమ్ పతనం గురించి న్యూయార్క్ టైమ్స్ విలేకరి హాల్బర్‌స్టామ్ రాసింది నమ్మాలా, హెరాల్డ్ ట్రిబ్యూన్ విలేకరి మార్గరెట్ హిగ్గిన్స్ రాసింది నమ్మాలా? డియెమ్ తరవాత పెత్తనం కోసం పోటీపడ్డ సైనికాధికారులు కీ, థియూల తగువు అర్థం కావాలంటే టైమ్ వారపత్రిక సరిపోతుందా? కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ లోపలి కుమ్ములాట అసలు ఏ పత్రికలోనైనా దొరుకుతుందా? యుద్ధకాలపు పత్రికల పాత సంచికలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక వియత్నాం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఈ మూడే తిప్పి తిప్పి అడుగుతున్నారు.

విలేకరి వామపక్షమా, ప్రభుత్వ పక్షమా అన్నది చూసి తూకం వెయ్యడం చాలామందికి అలవాటు. దానివల్ల ఒరిగేది తక్కువ. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ఆ వార్త ఎవరి నోటి నుంచి వచ్చింది, అది అచ్చయితే ఆ మనిషికి ఏం లాభం? సైనికాధికారుల పెనుగులాటలో విలేకరికి సంగతి చెప్పినవాడు దాదాపు ఎప్పుడూ ఆ పోరులో ఒక పక్షమే. ఈ ఒక్క కొలతతో చూస్తే చాలా చిక్కుముళ్లు విడిపోతాయి.

దీనికి 1963 ఆగస్టు కంటే మంచి ఉదాహరణ లేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక దక్షిణాది రాజధాని సైగాన్‌లోని సా లోయ్ పగోడా మీద, హుయే తదితర నగరాల్లోని పగోడాల మీద దాడి జరిగింది. డియెమ్ పాలన మీద ఆందోళన చేస్తున్న బౌద్ధ సన్యాసుల్ని వందల మందిని పట్టుకుపోయారు. చేసిందెవరు? ఆగస్టు 23 న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో రెండు కథనాలు పక్కపక్కనే వచ్చాయి. సైన్యాధికారులే చేశారని వాషింగ్టన్ కథనం. డియెమ్ తమ్ముడు నూ తన ప్రత్యేక దళాలతో చేయించాడని సైగాన్ నుంచి హాల్బర్‌స్టామ్ కథనం. రెండూ ఒకదానికొకటి పొసగడం లేదని పత్రికే ఒప్పుకుంటూ గమనిక కూడా వేసింది. తరవాత నిజమని తేలింది హాల్బర్‌స్టామ్ రాసిందే.

వాషింగ్టన్ పొరబడిన తీరు గమనించాలి. సైనిక శాసనం పెట్టమని అంతకుముందే డియెమ్‌ని అడిగింది సైన్యాధికారులే. దాడి చేసిన ప్రత్యేక దళాల అధిపతి కర్నల్ లె క్వాంగ్ తుంగ్ మనుషుల్లో పలువురు మామూలు సైన్యం దుస్తుల్లో ఉన్నారు. అమెరికా రాయబార కార్యాలయం ఫోన్ లైన్లు ఆ రాత్రే తెగ్గొట్టారు. దాంతో మొదటి రెండు రోజులూ వాషింగ్టన్ చేతిలో ఉన్నది నూ చూపించదలుచుకున్న బొమ్మ మాత్రమే. నింద సైన్యం మీద పడితే నూకి లాభం. హాల్బర్‌స్టామ్‌కి సంగతి చేరినది ఆ నింద మొయ్యడం ఇష్టంలేని వాళ్ల నుంచి. అంటే అతని వైపు మాట్లాడినవాళ్లకీ స్వార్థం ఉంది. కాకపోతే ఆ రోజు వాళ్ల స్వార్థమూ నిజమూ ఒకే దారిలో ఉన్నాయి.

మరి హిగ్గిన్స్? న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ తరఫున 1963 వేసవిలో కొన్ని వారాలు వచ్చింది. డియెమ్‌ని కలిసింది, ఊళ్లు తిరిగింది, సైగాన్‌లో మకాం వేసిన కుర్ర విలేకరుల మాట తప్పని రాసింది. యుద్ధం బాగానే సాగుతోందన్న ఆమె అంచనా నిలవలేదు. బౌద్ధ నాయకత్వానికి, ముఖ్యంగా సన్యాసి త్రీ క్వాంగ్‌కి, రాజకీయ లక్ష్యాలున్నాయన్న ఆమె మాటని మాత్రం తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. 1966 వసంతంలో జనరల్ న్గుయెన్ చాన్ తీని పదవి నుంచి తప్పించాక డా నాంగ్, హుయేల్లో లేచిన బౌద్ధుల ఉద్యమం చూస్తే ఆ మాటకి బలం కనిపిస్తుంది. ఒక మనిషి రాతలో ఒక భాగం తప్పు, ఇంకో భాగం ఒప్పు కావచ్చు. అందుకే విలేకరికి మొత్తంగా మార్కులు వెయ్యడం కుదరదు, వార్త వార్తకీ విడిగా చూడాలి.

1963లోనే నూ భార్య వైపు వాదనంతా మోసిన ఆంగ్ల దినపత్రిక టైమ్స్ ఆఫ్ వియత్నాం. పాలకుటుంబానికి బాకా అని దాన్ని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. కానీ సెప్టెంబరు 2న ఆ పత్రిక, ఆగస్టు చివర్లో సీఐఏ అండతో తిరుగుబాటుకి ప్రయత్నం జరిగిందని పతాక శీర్షికతో రాసింది. వివరాలన్నీ నమ్మదగినవి కావు, అసలు సంగతి మాత్రం నిజం. ఆగస్టు 24న వాషింగ్టన్ పంపిన తంతి సందేశం, సైన్యాధికారులతో మంతనాలు, వాళ్లు వెనక్కి తగ్గడం, అన్నీ తరవాత బయటపడిన ప్రభుత్వ పత్రాల్లో ఉన్నాయి. ఆ వార్త రాయించినవాళ్లకి కుట్రదారుల్ని బెదరగొట్టడం అవసరం. అవసరం ఉన్నంత మాత్రాన అబద్ధం అయిపోదు. ఆ పత్రిక కార్యాలయాన్ని నవంబరు తిరుగుబాటులో జనం తగలబెట్టారు.

సెప్టెంబరు 18న వచ్చిన అమెరికా కాలమిస్టు జోసెఫ్ ఆల్సప్ కాలమ్ కూడా ఇదే వరసలో పెట్టాల్సింది. నూ ఉత్తర వియత్నాంతో మంతనాలాడుతున్నాడన్నది అందులోని సంగతి. భారత్ అధ్యక్షత వహించిన అంతర్జాతీయ పర్యవేక్షణ కమిషన్‌లో పోలండ్ ప్రతినిధి మానెలి, సెప్టెంబరు 2న నూని కలిసిన మాట నిజమే. ఆల్సప్‌తో దాని గురించి మాట్లాడింది నూనే. అమెరికాని భయపెట్టడానికి వదిలిన లీకు అది. ఇలాంటి వార్త చదివేటప్పుడు "జరిగిందా?" అన్న ప్రశ్నతో ఆగకుండా "ఈ వారమే ఎందుకు బయటికి వచ్చింది?" అని కూడా అడగాలి.

1964 డిసెంబరు ఇంకా తేటగా ఉంటుంది. డిసెంబరు 20న సైన్యాధికారులు పౌరులతో వేసిన ఉన్నత జాతీయ మండలిని రద్దు చేశారు. అమెరికా రాయబారి మాక్స్‌వెల్ టేలర్ కీ, థియూ, తీ తదితరుల్ని పిలిపించి చీవాట్లు పెట్టాడు. మూడు రోజులకి హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో సైన్యాధిపతి జనరల్ న్గుయెన్ ఖాన్ ఇంటర్వ్యూ వచ్చింది. విలేకరి బెవర్లీ డీప్. ఖాన్ అందులో టేలర్ మీద నేరుగా దాడి చేశాడు. ఆ ఇంటర్వ్యూని టేలర్‌తో తగాదా వార్తగా మాత్రమే చదివితే సగమే అందుతుంది. తిట్లు తిన్న కుర్ర జనరళ్ల ముందు తాను పెద్దదిక్కుగా నిలబడటానికి ఖాన్ వాడుకున్న వేదిక అది. ఎక్కువ కాలం పని చెయ్యలేదు. 1965 ఫిబ్రవరిలో ఆ జనరళ్లే అతన్ని దింపేశారు, 25న దేశం వదిలాడు.

ఇవన్నీ చూశాక నేను సైగాన్ డేట్‌లైన్ (వార్త మొదట్లో, అది రాసిన ఊరి పేరు) ఉన్న దినపత్రిక, ఏజెన్సీ వార్తల వైపే మొగ్గుతాను. అమెరికా వార్తాసంస్థలు ఏపీ, యూపీఐల రోజువారీ కథనాలు పొట్టిగా, కరుకుగా ఉంటాయి గానీ ఎవరు ఎక్కడ ఉన్నారో, ఏ బెటాలియన్ ఏ వంతెన దాటిందో అందులోనే దొరుకుతుంది. సైగాన్ తిరుగుబాట్లలో గెలుపోటములు తేల్చింది ఆ కదలికలే. 1964 సెప్టెంబరు 13న జనరళ్లు లామ్ వాన్ ఫాట్, డువాంగ్ వాన్ డుక్‌ల ప్రయత్నం విఫలమైంది వాయుసేన అధిపతి కీ విమానాలు తలమీద తిరగడం వల్లే.

వీటిని చదివేటప్పుడు తేదీల దగ్గర జాగ్రత్త. 1960 నుంచి 1975 దాకా సైగాన్ గడియారం గ్రీన్‌విచ్ కంటే 8 గంటలు ముందు నడిచింది. న్యూయార్క్‌తో తేడా చలికాలంలో 13 గంటలు, వేసవిలో 12. 1963 నవంబరు 1 మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మొదలైన తిరుగుబాటు న్యూయార్క్ లెక్కన అదే తేదీ అర్ధరాత్రి దాటాక జరిగింది. డియెమ్, నూ చనిపోయిన నవంబరు 2 ఉదయం అక్కడ ఇంకా 1వ తేదీ సాయంత్రమే. కనుక సంఘటన తేదీ సంచికని ఒక్కదాన్నే తీసి చదవొద్దు, వరసగా మూడు రోజులవి చదవండి. ఆ ఇద్దరూ ఆత్మహత్య చేసుకున్నారని తిరుగుబాటుదారులు మొదట చెప్పారు. చేతులు వెనక్కి విరిచికట్టిన శవాల ఫొటోలు బయటికి వచ్చేసరికి ఆ మాట కూలిపోయింది. మొదటి రోజు వార్త దగ్గరే ఆగినవాడికి ఇది దొరకదు. సెన్సారు కాలంలో ఇంకో చిక్కు ఉంది. 1963 ఆగస్టు దాడుల తరవాత విలేకరులు తమ కథనాల్ని విమాన ప్రయాణికుల చేతికిచ్చి దేశం దాటించారు. అలాంటి కథనం రాసిన రోజుకీ అచ్చయిన రోజుకీ మధ్య ఖాళీ ఉంటుంది.

సైగాన్ డేట్‌లైన్‌కీ గుడ్డిచోట్లు ఉన్నాయి. 1965 ఫిబ్రవరి 19 తిరుగుబాటు నడిపిన కర్నల్ ఫామ్ న్గోక్ తావో కమ్యూనిస్టుల రహస్య మనిషి. అప్పటి కథనాల్లో అతనొక కేథలిక్ కుట్రదారు మాత్రమే. అచ్చుకాని వార్త ఇంకో లోటు. 1968 అక్టోబరు చివర్లో బెవర్లీ డీప్, అప్పటికి క్రిస్టియన్ సైన్స్ మానిటర్ విలేకరి, అధ్యక్ష అభ్యర్థి నిక్సన్ శిబిరం అండ చూసుకుని థియూ పారిస్ శాంతి చర్చలకి వెళ్లకుండా ఆగుతున్నాడన్న కథనం పంపింది. శ్వేతసౌధం ధ్రువీకరించకపోవడంతో సంపాదకులు ఆ ముక్క తీసేశారు. ఎన్నికల ముందు పాఠకుడికి అది అందలేదు.

వారపత్రికలు చదవడానికి హాయిగా ఉంటాయి, అదే వాటితో ప్రమాదం. సైగాన్ నుంచి వెళ్లిన ఫైలుని న్యూయార్క్‌లో తిరగరాస్తారు. 1963లో యుద్ధం చేజారుతోందని సైగాన్ విలేకరి చార్లెస్ మోర్ పంపిన ఫైలుని టైమ్ సంపాదకులు తారుమారు చేశారు. పైగా సెప్టెంబరులో సైగాన్ విలేకరుల్నే తప్పుపడుతూ వ్యాసం వేశారు. మోర్ రాజీనామా చేశాడు. ఇక టైమ్ సైగాన్ కార్యాలయంలో పనిచేసిన ఫామ్ సువాన్ ఆన్ ఉత్తరాది గూఢచారి అని యుద్ధం అయ్యాక తెలిసింది. దాంతో ఆ పత్రికంతా కలుషితమని కొందరంటారు. అతను తప్పుడు వార్తలు నాటలేదనే అతని సహోద్యోగుల్లో చాలామంది చెప్పారు. నన్నడిగితే ఆన్ కంటే న్యూయార్క్ బల్ల దగ్గర జరిగిన తిరగరాతే ఎక్కువ చెరుపు చేసింది.

సైగాన్ వియత్నామీ పత్రికలు చదవగలిగినవాళ్లు అదృష్టవంతులు. సెన్సారు కొట్టేసిన చోట తెల్లగా వదిలి, తామే తీసేశామని చిన్న గమనిక వేసేవాళ్లు. ఏ రోజు ఏ పేజీలో తెలుపు పెరిగిందో గమనిస్తే లోపల గొడవ ఎప్పుడు ముదిరిందో తెలుస్తుంది. 1971లో ప్రతిపక్షపు పత్రిక తిన్ సాంగ్ పదే పదే జప్తయింది. ఆ ఏడాదే జనరల్ డువాంగ్ వాన్ మిన్, కీ ఇద్దరూ అధ్యక్ష ఎన్నిక బరి నుంచి తప్పుకోగా అక్టోబరు 3న థియూ ఒక్కడే అభ్యర్థిగా నిలిచాడు. 1972 ఆగస్టు నుంచి ఈ దారి సన్నబడింది. దినపత్రిక నడపాలంటే 2 కోట్ల పియాస్టర్ల డిపాజిట్ కట్టాలని థియూ 007 నంబరు శాసనం తెచ్చాడు, చాలా పత్రికలు మూతపడ్డాయి.

టీవీ దీనికి పనికిరాదు. ఫిల్ము విమానంలో వెళ్లేసరికి పాతబడేది, మూసిన తలుపుల వెనక బేరాలకి దృశ్యమే లేదు. భారతీయ పత్రికలు ఎక్కువగా ఏజెన్సీ వార్తల మీదే ఆధారపడ్డాయి.

కీ, థియూల విషయంలో ఒక్క మాట. 1967 జూన్ చివర్లో సైన్యాధికారుల సుదీర్ఘ సమావేశంలో ప్రధానిగా ఉన్న కీ, థియూ కింద ఉపాధ్యక్ష స్థానానికి ఒప్పుకున్నాడు. అప్పటి కథనాలు సైన్యం ఐక్యత కోసం అతను తగ్గాడని రాశాయి. తెర వెనక అధికారం తనకే ఉంటుందన్న రహస్య ఒప్పందం మీద కీ తగ్గాడు, అది పత్రికలకి ఆ రోజు అందలేదు. సెప్టెంబరు 3 ఎన్నికల్లో 11 జంటలు పోటీపడగా థియూ-కీ జంటకి దాదాపు 35 శాతం ఓట్లే వచ్చాయి. గెలిచాక ఆ ఒప్పందాన్ని థియూ పట్టించుకోలేదు. ఈ భాగానికి అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించిన పత్రాల సంపుటాలు పక్కన పెట్టుకోక తప్పదు, అవి ఉచితంగానే దొరుకుతాయి.

హనోయ్ దగ్గరికి వస్తే నా లెక్క తలకిందులవుతుంది. లోపలివాళ్లెవరూ విలేకరితో మాట్లాడరు. ఫ్రెంచి వార్తాసంస్థ ఏఎఫ్‌పీకి అక్కడ కార్యాలయం ఉన్నా దానికి అందేది వీధి, అధికార ప్రకటనలు. పాశ్చాత్య పత్రికలు ఆ ఖాళీని చైనా వర్గం, సోవియట్ వర్గం అన్న ఊహతో, తమకి తెలిసిన ముఖాలతో నింపాయి. 1968 ఫిబ్రవరి 9 టైమ్ ముఖచిత్రం ఉత్తరాది రక్షణమంత్రి జనరల్ జియాప్‌ది, తెత్ (వియత్నాం కొత్త సంవత్సరం) నాడు దక్షిణాది నగరాల మీద జరిగిన దాడికి సూత్రధారి అని. దాడి మొదలైనప్పుడు జియాప్ చికిత్స కోసం హంగరీలో ఉన్నాడు, హో చి మిన్ బీజింగ్‌లో ఉన్నాడు. పగ్గాలు పార్టీ పెద్దలు లె డువాన్, లె డుక్ థోల చేతిలో ఉన్నాయి. 1967 జూలై నుంచి పార్టీ సిద్ధాంతకర్త హోవాంగ్ మిన్ చిన్ మొదలుకుని జియాప్‌కి సన్నిహితులైన వాళ్లతో సహా ఎందరినో అరెస్టు చేశారు. పాశ్చాత్య పత్రికలకి అది తెలియలేదు.

అందుకే హనోయ్ విషయంలో అధికార పత్రికలే మేలు: దినపత్రిక నాన్ దాన్, సిద్ధాంత పత్రిక హోక్ తాప్, హనోయ్ రేడియో. అమెరికా ప్రసార పర్యవేక్షణ విభాగం చేసిన ఇంగ్లీషు అనువాదాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉన్నాయి. వాటిలో వాదన చదవొద్దు, క్రమం చదవండి. సభలో పేర్లు ఏ వరసలో వచ్చాయి, నివేదిక ఎవరు చదివారు, ఎవరు కనబడటం మానేశారు, రాసిన తేదీకీ అచ్చు తేదీకీ ఎంత దూరం. విప్లవ ప్రతీఘాత నేరాల మీద శాసనం 1967 నవంబరులో జారీ అయి 1968 మార్చిలో గానీ బయటికి రాలేదు. ఆ నెలల వ్యవధే అరెస్టుల జాడ. 1967 సెప్టెంబరులో జియాప్ పేరుతో పెద్ద వ్యాసమాల వచ్చింది, తరవాత కొన్ని నెలలు అతను కనబడలేదు. వ్యాసాన్ని పట్టుకున్న పాశ్చాత్య విశ్లేషకులు అతని గైర్హాజరుకి అంత బరువు ఇవ్వలేదు. 1969 సెప్టెంబరు 9న హో అంత్యక్రియల్లో సంతాప ప్రసంగం చదివింది లె డువాన్. వారసుడెవరన్న ఊహాగానాలు మరికొన్నాళ్లు సాగినా, జవాబు ఆ రోజే వేదిక మీద ఉంది. హో మరణ తేదీని కూడా జాతీయ దినం అయిన 2 నుంచి 3కి మార్చి ప్రకటించారు, 1989లో గానీ ఒప్పుకోలేదు. కాబట్టి ఈ పత్రికల్లో తేదీని నిజంగా తీసుకోకండి, తేదీ ఎందుకు అలా పెట్టారో చూడండి.

సమయం తక్కువ ఉన్నవాళ్లు 1963 ఆగస్టు 21 నుంచి 28 దాకా ఏపీ, యూపీఐ, న్యూయార్క్ టైమ్స్ కథనాలు వరసగా చదివి, వెంటనే టైమ్స్ ఆఫ్ వియత్నాం సెప్టెంబరు 2 సంచిక తియ్యండి. ప్రతి కథనం అంచున పెన్సిలుతో చెప్పినవాడి పేరో హోదానో రాసుకోండి. పేరు లేకపోతే ఆ వార్త వల్ల ఎవరి చెయ్యి పైకి లేచిందో రాయండి. ఆ తరవాత హనోయ్ సంచికలకి వెళ్లేటప్పుడు ఆ అలవాటుని వదిలి, పేర్ల వరస కోసం కొత్త కాగితం తీసుకోండి.