చిన్న ఆధ్యాత్మిక కథ: రూపకమా, దృష్టాంతమా, విప్పని ముడా?

ఆధ్యాత్మిక విషయాన్ని ఒకటిన్నర పేజీ కథలో చెప్పాలనుకునే రచయిత ముందు మూడు దారులుంటాయి. ఒకటి రూపక కథ. అందులో ప్రతి పాత్రా ఏదో ఒక భావానికి మారుపేరు. రెండోది దృష్టాంతం. అందులో కథంతా కలిసి ఒక్క సంగతిని చూపిస్తుంది, కథలో గొడుగు ఉంటే అది మాత్రం గొడుగుగానే ఉంటుంది. మూడోది ముడి వేసి విప్పకుండా వదిలేసే ప్రతీక కథ.

ఏది మేలో తేలాలంటే ఒకే భావాన్ని మూడు రకాలుగానూ రాసి చూడాలి. ఆ భావం ఇది: అన్నిటినీ తెలుసుకునే 'నేను'ను ఇంకో వస్తువులా పట్టుకుని తెలుసుకోలేం. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు తన భార్య మైత్రేయిని అడిగిందీ ఇదే: తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకుంటావు? ఈ భావానికి ఒక త్రాసును తీసుకుందాం.

ముందు రూపకం. "వివేకుడనే వర్తకుడు బుద్ధి అనే త్రాసుతో సుఖదుఃఖాలనే సరుకు తూచేవాడు. ఒకనాడు అహంకారుడనే కొడుకు వచ్చి త్రాసు బరువెంతని అడిగాడు." మొదటి వాక్యం పూర్తయ్యేసరికే పాఠకుడి చేతికి తాళంచెవి వచ్చేసింది. ఇక అతను కథ చదవడు, జమాఖర్చు సరిచూసుకుంటాడు. పైగా ఒక వస్తువుకు అర్థం కట్టబెడితే మిగతావీ తమ సంగతేమిటని అడుగుతాయి. త్రాసు బుద్ధి అయితే తూనికరాళ్ళు ఏమిటి? పట్టుకున్న చెయ్యి ఎవరిది? అన్నిటికీ జవాబు చెబుతూ పోతే కథ మూడు వందల మాటల్లో ఆగదు. రూపకానికి నిడివి కావాలి. కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం 'ప్రబోధచంద్రోదయం'లో వివేకుడికీ మహామోహుడికీ యుద్ధం జరగడానికి ఆరు అంకాల చోటుంది. నంది మల్లయ, ఘంట సింగన దాన్ని తెలుగు చేస్తే ప్రబంధమే అయింది. చిన్న కథలో అదే పద్ధతి పేర్లు తగిలించిన బొమ్మల కొలువులా తయారవుతుంది. వ్యంగ్యానికి పనికొస్తుందేమో గానీ, ఈ పనికి దీన్ని పక్కన పెట్టవచ్చు.

ఇప్పుడు దృష్టాంతం.

"బంగారం కొట్లో కొత్తగా చేరిన కుర్రాణ్ణి కొట్లో ఉన్న చిన్న వస్తువులన్నీ తూచి పట్టీలో రాయమన్నాడు యజమాని. సాయంత్రానికి ఉంగరాలు, గొలుసులు, ఆఖరికి తాళాల గుత్తి కూడా తూచి రాశాడు. ఒక్క గడి మిగిలింది. త్రాసు పళ్ళెం ఒకటి విప్పి రెండో పళ్ళెంలో పెట్టాడు. అటు ఒరిగిపోయింది. మళ్ళీ తగిలించాడు. ఖాళీ పళ్ళేలు కాసేపు ఊగి, ముల్లు నిలువుగా నిలిచింది. యజమాని వచ్చి పట్టీ చూశాడు. 'మరి త్రాసు?' అన్నాడు. 'అది తూస్తుందండీ' అన్నాడు కుర్రాడు."

ఇందులో ఆత్మ అనే మాట లేదు, గురువు లేడు. త్రాసుకు కథలో దాని పని దానికుంది, అర్థం తెలియని పాఠకుడికి కూడా అది త్రాసే. అది మూడుసార్లు కనిపిస్తుంది: పని చేస్తూ, ఇరుక్కుని, ఊరకే నిలబడి. ఈ మూడూ ఉంటే వ్యాఖ్యానం అక్కర్లేదు. రెండోది లేకపోతే, అంటే పళ్ళెం విప్పే ఘట్టం తీసేస్తే, కుర్రాడి జవాబు చమత్కారంగా మిగులుతుంది. అతను ప్రయత్నించి ఓడిపోవడం మనం చూశాం కాబట్టే అది జవాబైంది.

అర్థం చివర చెప్పకూడదా? ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు తన కొడుక్కి చెప్పాడు కదా. రాత్రి నీళ్ళలో ఉప్పు వేయించాడు, పొద్దున్నే వెతికితే కనిపించలేదు. పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తాగి చూడమన్నాడు. అంతటా ఉప్పే. ఆ తరవాతే 'అది నువ్వే' అన్నాడు. కొడుకు నోట్లో ఉప్పదనం ఇంకా ఉండగా చెప్పిన మాట అది. ఈ కాలం కథలు చాలావాటిలో నోట్లో ఏమీ పెట్టకుండానే రుచి వర్ణిస్తారు. 1886లో రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ రాసిన 'మనిషికి ఎంత నేల కావాలి' నేలకోసం పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గుంకేదాకా పరుగెత్తిన రైతు కథ. చివర ఉన్నది నీతి కాదు, అతన్ని పాతిపెట్టిన గొయ్యి కొలత.

రాసే పద్ధతి కూడా క్లిష్టమేం కాదు. చెప్పదలుచుకున్న భావాన్ని ఒక్క వాక్యంలో వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టాలి, ఆ వాక్యం కథలోకి రాకూడదు. రాశాక సత్యం, శాంతి, పరమార్థం లాంటి మాటలు ఎక్కడున్నా కొట్టేయాలి. ఆఖరి వాక్యాన్ని చేత్తో మూసి చదవాలి. అది లేకపోయినా కథ నిలిస్తే తీసేయడమే. దీపం, నది, పంజరంలో చిలుక జోలికి పోకపోవడం మంచిది. పాఠకుడికి వాటి అర్థం ముందే కంఠతా వచ్చు.

మూడోది విప్పని ముడి. అదే కొట్టు, అదే పట్టీ.

"ఆఖరి గడి అలాగే ఖాళీగా ఉంది. ముప్పై ఏళ్ళు గడిచాయి, కొట్టు కుర్రాడిదే అయింది. ఒకరోజు పొద్దున తలుపు తీసి పట్టీ తెరిస్తే ఆ గడిలో అంకె ఉంది. రాత తనదే."

పనిచేస్తే మూడింటిలోకీ ఎక్కువ కాలం వెంటాడేది ఇదే. పనిచేయకపోతే వట్టి పొగమంచు. ఈ తరహాలో జర్మన్ భాషా రచయిత కాఫ్కా రాసి 1915లో అచ్చయిన 'చట్టం ముందు' చూడండి. తలుపు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న పల్లెటూరివాడికి, ఈ ద్వారం నీ ఒక్కడి కోసమేనని చచ్చేముందు తెలుస్తుంది. అది ఎందుకో అంతుపట్టదు గానీ, కాపలావాడి బొచ్చుకోటు, వాడి పెద్ద ముక్కు, ఆ కోటులోని పురుగుల్ని కూడా సాయం చేయమని బతిమాలడం, అన్నీ కంటికి కట్టినట్టుంటాయి. అర్థమే మసక, వస్తువులు కావు. కొత్తగా రాసేవాళ్ళు దీన్ని తిరగేస్తారు: వస్తువుల్ని మసక చేసి, ఎవరో ఎక్కడో నడిచారని రాసి, లోతు వచ్చిందనుకుంటారు.

కాబట్టి నా ఓటు దృష్టాంతానికి, కనీసం మొదటి పది కథల వరకైనా. చిన్న వస్తువు చేత పని చేయించడం చేతికి వచ్చాకే ముడి వేయడం వస్తుంది.

మూడో రకం నిలిచిందో లేదో తెలియాలంటే కథ చదివినవాణ్ణి మర్నాడు కదిలించాలి. 'ఇంతకీ దీనర్థం ఏమిటి?' అన్నాడా, మళ్ళీ దృష్టాంతంగా తిరగరాయండి. 'ఇంతకీ ఆ గడిలో ఏ అంకె ఉంది?' అన్నాడా, ఒక్క అక్షరం ముట్టుకోకండి.