కందిరీగకు దారి చూపే వాసన: మొక్క పిలుపా, పురుగు జాడా, దొంగచాటుగా విన్న కబురా – ఏది మేలు?

ట్రైకోగ్రామా అనే చిట్టి కందిరీగలను పొలంలో వదలడానికి వరికో చెరకుకో కట్టబోయే ట్రైకో కార్డును చేతి కటకం కింద పెట్టి చూస్తే, దానికి అంటించిన కార్సైరా అనే బియ్యపు రెక్కల పురుగు గుడ్లు, లోపల ఆ కందిరీగలు పెరగడం వల్ల, నల్లబడి కనిపిస్తాయి. వాటిలో ఒకదానికి చిన్న గుండ్రటి రంధ్రం పడుతుంది, అందులోంచి అర మిల్లీమీటరు పొడవైనా ఉండని కందిరీగ బయటికి వస్తుంది, కాసేపు రెక్కలు సర్దుకుని, మీసాలతో కార్డును తడుముకుంటూ నడక మొదలుపెడుతుంది. దాని ఆయుష్షు కొద్ది రోజులే. ఆలోపు వేలాది ఆకులున్న పొలంలో ఏదో ఒక రెక్కల పురుగు పెట్టిన గుడ్డును వెతికి పట్టుకుని, అందులో తన గుడ్డు పెట్టాలి. అంత దూరంలోని అంత చిన్న వస్తువు దాని కళ్లకు ఆనదు కనుక వాసనే ఆధారం. అయితే ఎవరి వాసనను నమ్ముకోవాలన్నది అసలు చిక్కు.

నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌కు చెందిన లూయీజ్ వెట్, మార్సెల్ డికె 1992లో ఈ చిక్కును స్పష్టంగా వివరించారు. పురుగు తన ఉనికిని దాచుకుని బతుకుతుంది, కాబట్టి దాని సొంత వాసన నమ్మదగినదే గాని చాలా పలచన. పురుగు కొరికిన మొక్క వాసన గుప్పుమంటుంది గాని, అది ఏ పురుగు గురించి చెబుతోందో, ఆ పురుగు ఇంకా అక్కడే ఉందో లేదో దాన్ని బట్టి రూఢిగా తెలియదు. కందిరీగలు వాడుకునే వాసనలు ఏవైనా, వాటిని ఈ రెండు గుణాలతోనే తూకం వేయాలి.

మొక్క పిలుపుకు వచ్చినంత పేరు మిగిలినవాటికి రాలేదు. టెడ్ టర్లింగ్స్, జేమ్స్ టమ్లిన్సన్, జో లూయిస్ అమెరికాలో మొక్కజొన్న మొలకల మీద చేసిన ప్రయోగాలను 1990లో ప్రచురించారు. మన శనగ రైతులు పచ్చ రబ్బరు పురుగు అని పిలిచే లద్దె పురుగు ఆ మొలకలను తిన్నప్పుడు, కొన్ని గంటల తరువాత వాటి నుంచి టెర్పీన్ జాతి వాసనలు వెలువడ్డాయి, ఆ వాసనలకు కొటీసియా అనే కందిరీగ ఎగిరి వచ్చింది. ఆకును బ్లేడుతో గీస్తే అంత స్పందన రాలేదు. గీసిన చోట పురుగు నోటి ద్రవం పూస్తే వచ్చింది. ఆ ద్రవంలోని మూల పదార్థాన్ని 1997లో వేరు చేసి వోలిసిటిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది కాన్సువేలో డి మొరాయిస్ బృందం మరో మెట్టు ఎక్కింది. పొగాకు మొక్కను తింటున్నది తనకు కావలసిన పురుగా, లేక దానికి దగ్గరి చుట్టమైన మరో పురుగా అన్నది ఒక జాతి కందిరీగ మొక్క వాసనను బట్టే పసిగట్టగలదని వారు చూపారు.

ఇంత గొప్ప ఏర్పాటును చూసి మొక్క పిలుపే మేలని తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు. మొదటి కారణం ఆలస్యం: ఆ వాసనల్లో ముఖ్యమైనవి తయారు కావడానికి గంటలు పడుతుంది, ఆలోపు పురుగు మరో ఆకుకు పోవచ్చు. రెండవ కారణం, పిలుపు బహిరంగం కావడం. కందిరీగ పిల్లలనే తినే మరో జాతి కందిరీగ, లోపల ఆ పిల్లలు పెరుగుతున్న పురుగు తిన్న క్యాబేజీ జాతి మొక్కల వాసనను ఆనవాలుగా పట్టుకుని అక్కడికి చేరుతుందని 2012లో వాగెనింగెన్ పరిశోధకులే కనుగొన్నారు; మిత్రుణ్ణి పిలిచిన కేక ఆ మిత్రుడి శత్రువుకూ చేరుతోందన్నమాట. మూడవది మన వ్యవసాయానికి మరింత దగ్గరి విషయం. కాండం తొలుచు పురుగు గుడ్లు పెట్టగానే కొన్ని నాటు మొక్కజొన్న రకాలు పరాన్నజీవి కందిరీగలను పిలిచే వాసనలు విడుదల చేశాయని, అదే ప్రయోగంలో పరీక్షించిన హైబ్రిడ్లు అలా చేయలేదని 2011లో కెన్యాలో చేసిన పరిశోధన తేల్చింది. దిగుబడి కోసం ఎంపిక చేస్తూ పోయినప్పుడు మొక్క గొంతు పోయిందా అని ఎవరూ పరీక్షించి ఉండరు.

పురుగు జాడ అంటే అది వదిలిన పెంటికలు, రాల్చిన పొలుసులు, అల్లిన పట్టుదారం. వినడానికి ఇంపుగా లేని ఈ ఆనవాలే నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. శనగపచ్చ పురుగుకు దగ్గరి బంధువైన అమెరికా కాయతొలుచు పురుగు పెంటికల్లో 13-మిథైల్ హెంట్రయాకాంటేన్ అనే మైనపు పదార్థం ఉందని, మైక్రోప్లైటిస్ అనే కందిరీగ దాన్ని మీసాలతో తాకగానే వెతుకులాట ముమ్మరం చేస్తుందని 1971లోనే తెలిసింది. అది గాలిలో దాదాపుగా కలవదు, కాబట్టి దూరం నుంచి అందదు. కాని అంటితే మాత్రం అబద్ధం చెప్పదు. రెక్కల పురుగు గుడ్లు పెడుతూ ఆకుపై రాల్చిన పొలుసుల్లోని ట్రైకోసేన్ అనే పదార్థం ట్రైకోగ్రామాకు ఇదే విధంగా పనిచేస్తుందని 1973లో వెల్లడైంది. పొలుసులున్న ఆకుపై ఈ కందిరీగ నడక తీరే మారిపోతుంది: వేగం తగ్గించి, మలుపులు తిరుగుతూ, చూసిన చోటే మళ్లీ చూస్తుంది.

పెంటిక చేసే పని అక్కడితో ముగియదు. లూయిస్, టమ్లిన్సన్ 1988లో చూపినట్టు, మైక్రోప్లైటిస్ పెంటికను తాకిన సమయంలో చుట్టూ ఉన్న వాసనను నేర్చుకుంటుంది, ఆ తరువాత ఆ వాసనకే ఎగిరి వెళుతుంది. 1990 నాటి ప్రయోగంలో కందిరీగలకు వెనిలా, చాక్లెట్ వాసనల్లో ఒకదాన్ని ఆహారంతోను, మరొకదాన్ని పురుగుతోను జతచేసి నేర్పితే, ఆకలితో ఉన్నవి ఆహారపు వాసన వైపు, కడుపు నిండినవి పురుగు వాసన వైపు వెళ్లాయి. అంటే దూరానికి వినిపించే మొక్క వాసనకు అర్థం చెప్పే నిఘంటువు ఆ చిన్న పెంటికే.

దొంగచాటుగా వినే పద్ధతి గుడ్లను వెతికేవాటిది. గుడ్డు కదలదు, తినదు, పెంటిక వేయదు. దాన్ని వెతికే కందిరీగ గుడ్డు పెట్టిన తల్లి మాటలను వినవలసి వస్తుంది. మనం లింగాకర్షక బుట్టల్లో పెట్టే ఎరలోని వాసనే ఇక్కడా పనికొస్తుంది: ఆడ రెక్కల పురుగు మగవాటి కోసం రాత్రి వెదజల్లే వాసన అది. ట్రైకోగ్రామా తిరిగేది పగలు. ఈ పొద్దుల తేడాను ఆకులు పూడుస్తాయి, ఎందుకంటే రాత్రి వెలువడిన వాసన ఆకు మైనానికి అంటుకుని పగటికి కొంత మిగులుతుంది. అంతకంటే నేరుగా పోయే ఉపాయం 2005లో బయటపడింది. క్యాబేజీని తినే ఒక తెల్ల సీతాకోకచిలుకల్లో మగది జత కట్టాక, ఇతర మగవి దరిచేరకుండా ఆడదానికి బెంజైల్ సయనైడ్ అనే వాసన అంటిస్తుంది. ట్రైకోగ్రామా బ్రాసికే అనే కందిరీగ ఆ వాసనను గుర్తుపట్టి, త్వరలో గుడ్లు పెట్టబోయే ఆ ఆడ చిలుక మీదికెక్కి గుడ్లు పెట్టే చోటికి సవారీ చేస్తుంది. తన ఆడదాన్ని కాపాడుకోబోయిన మగ చిలుక తన సంతానానికే శత్రువును అంటగట్టినట్టయింది.

ఇక తీర్పు విషయానికి వస్తే, గుడ్లను వెతికే కందిరీగకు ఈ దొంగచాటు కబురే మేలు, దానికి తోడు పొలుసుల జాడ ఉండాలి. గొంగళి దశను వెతికేదానికి మాత్రం మొక్క పిలుపు ఊరి పొలిమేర దాకా తెచ్చే దారి లాంటిది, ఇంటి గుమ్మం చూపేది పెంటికే. రెంటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను పెంటికనే ఉంచుకుంటాను, ఎందుకంటే పిలుపు లేకపోతే కందిరీగ ఆలస్యంగానైనా వెతుక్కోగలదు, జాడ లేకపోతే చేరిన చోట ఏం చేయాలో దానికి తెలియదు.

కోనసీమ కొబ్బరిలో ఇది ప్రత్యక్షంగా కనిపిస్తుంది. నల్లతల పురుగు ఈనె పక్కన, ఆకు అడుగు భాగాన తన పెంటికలను పట్టుదారంతో కలిపి సొరంగంలా అల్లుకుని అందులో దాక్కుంటుంది. దాన్ని కాపాడవలసిన ఆ గూడే వాసన కొట్టే చిరునామా. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో పెంచి తోటల్లో వదిలే గోనియోజస్ అనే కందిరీగ ఆ గూళ్లలోకి చొరబడి, పురుగును కుట్టి చచ్చుబడేలా చేసి, దాని ఒంటి మీద గుడ్లు పెట్టి, పిల్లలకు కాపలా కూడా ఉంటుంది.

పొలంలో ఆకర్షక వాసనలను పిచికారీ చేసి కందిరీగలను రప్పించవచ్చన్న ఆశ మీద నాకు నమ్మకం తక్కువ. నేర్చుకునే ప్రాణిని పురుగు లేని చోటికి పదేపదే పిలిస్తే, ఆ వాసన వట్టిదని అది నేర్చుకోవచ్చు. తూర్పు ఆఫ్రికాలో మొక్కజొన్న సాళ్ల మధ్య వేసిన మొలాసిస్ గడ్డి, పురుగు కొరకకపోయినా కందిరీగలను పిలిచే వాసన ఇస్తుందని, దానితో కాండం తొలుచు పురుగు తగ్గిందని 1997లో నిరూపించారు. అయితే అక్కడ పిలుపు విని వచ్చిన కందిరీగకు పక్క సాలులోనే పురుగు దొరుకుతుంది. మన రైతుకు మాత్రం ప్రస్తుతానికి వాసనల సీసా కంటే కార్డు మేలు, దాన్ని కట్టే తీరులో వాసన సంగతి గుర్తుంచుకుంటే ఇంకా మేలు. ట్రైకోగ్రామా ఎక్కువ దూరం పోగలిగేది కాదు, దాని ఆనవాళ్లూ దగ్గరివే. కాబట్టి ఎకరాకు కావలసిన గుడ్లన్నీ ఒకచోట కట్టకుండా, కార్డును ముక్కలు చేసి పొలమంతటా ఆకుల అడుగున పెట్టాలి, లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడటం మొదలవగానే పెట్టాలి. బ్రాకన్, గోనియోజస్ వంటి కందిరీగలను వదిలేముందు తేనె నీళ్లు తాగించడం కూడా మానకూడదు, ఆకలిగా వదిలిన కందిరీగ పురుగును కాక పువ్వును వెతుక్కుంటూ పోతుంది.