సూది పనికి అయిదు స్టార్లు, తర్వాతి పనికి రెండే

మాది నెల్లూరు దగ్గర పల్లె. నాన్నకి చెన్నైలో ఒక పెద్ద ప్రైవేట్ ఆసుపత్రిలో లివర్ క్యాన్సర్ గడ్డని రెండుసార్లు కాల్పించాం. పేరు రాయడం లేదు, ఈ లోపం ఆ ఒక్కచోటే ఉందని నేననుకోను మరి.

ముందు మంచి చెప్పుకోవాలి. నాన్నకి హెపటైటిస్ బి ఎప్పటి నుంచో ఉంది, లివర్ గట్టిపడింది, అందులో 2.8 సెంటీమీటర్ల గడ్డ. కోసి తీస్తే మిగిలిన లివర్ తట్టుకోదు, 3 సెంటీమీటర్లు దాటలేదు కాబట్టి ఆర్‌ఎఫ్‌ఏ చేద్దామన్నారు. అంటే స్కాన్‌లో చూసుకుంటూ చర్మం మీదుగా సూదిని గడ్డలోకి దించి, కరెంటుతో వేడి పుట్టించి, గడ్డతో పాటు చుట్టూ కాస్త మంచి భాగాన్ని కూడా కాల్చేస్తారు. తొడలకి పెద్ద పెద్ద పట్టీలు అంటించారు, కరెంటు అటు నుంచి తిరిగి పోవాలట. డాక్టరు గారు కేస్ షీట్ వెనకాల బొమ్మ గీసి మరీ, వచ్చీరాని తెలుగులో చెప్పారు. తర్వాత రెండు మూడు రోజులు జ్వరం రావచ్చని ముందే అన్నారు, వచ్చింది, పోయింది. నెల తర్వాత సీటీలో రంగు మందు ఎక్కించినా కాల్చిన చోటు నల్లగానే ఉంది, అంటే అక్కడ ప్రాణం లేదని. ఇంతవరకూ అయిదుకి అయిదు.

ఆ రోజు చేతిలో పెట్టిన కాగితం అడుగున మాత్రం 'రివ్యూ ఎస్‌ఓఎస్' అని ఉంది. ఏదైనా ఇబ్బంది ఉంటేనే రమ్మన్నారు అనుకున్నాం. ఇబ్బందేముంది, నాన్న శుభ్రంగా తిని పొలానికి వెళ్తున్నారు. నా తృప్తి కోసం నెల్లూరులో రెండుసార్లు ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే అవకాశమున్న ఒక ప్రోటీన్) రక్త పరీక్ష చేయిస్తే నార్మల్ వచ్చింది, ఇంక టెన్షన్ ఎందుకని వదిలేశాను. పది నెలలకి ఇక్కడి గ్యాస్ట్రో డాక్టరు ఫైలు తిరగేసి "మొన్నటి స్కాన్ ఏది?" అంటే "ఏ స్కాన్ సార్?" అన్నాను. ఆయన మొహం చూడాల్సింది.

అప్పుడు స్కాన్ తీయిస్తే పాత మచ్చ అంచునే, పెద్ద రక్తనాళానికి ఆనుకుని 1.6 సెంటీమీటర్ల గడ్డ. మళ్ళీ చెన్నై. నాళంలో పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది, అందుకే ఆ పక్కన గడ్డ పూర్తిగా కాలక ఒక్కోసారి కాస్త మిగిలిపోతుందని చెప్తుంటే నాన్న అందుకుని "కాలవ గట్టున ఉండే గడ్డి కాలదు గదా, అట్టాగా సార్?" అన్నారు. అచ్చం అంతే అన్నారు డాక్టరు. చిన్న గడ్డలున్నా చాలామందికి ఏఎఫ్‌పీ పెరగదనీ, కాల్చింది పూర్తిగా చచ్చినా పాడైన లివర్‌లో ఇంకోచోట కొత్తది మొలవచ్చనీ, అయిదేళ్ళలో సగం మందికి పైగా తిరిగి వస్తుందనీ, అందుకే మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి స్కాన్ తప్పదనీ అప్పుడు చెప్పారు. ఇదే ముక్క మొదటిసారి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

తెలుసుకోకపోవడం మా తప్పూ ఉంది, ఒప్పుకుంటా. కానీ అదే ఆసుపత్రి నుంచి నాన్న పుట్టినరోజుకి శుభాకాంక్షల మెసేజ్ వచ్చింది, దసరాకి ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ వచ్చింది, స్కాన్ టైమైందని మాత్రం ఒక్క మెసేజ్ రాలేదు. ఒళ్ళు మండదా!

రెండోసారి మైక్రోవేవ్‌తో కాల్చారు. ఇది త్వరగా, ఎక్కువ వేడెక్కుతుంది, నాళం పక్కన కాస్త నయమట. పట్టీల పని కూడా లేదు. "ఏందిరా, ఈసారి తొడలకి అంటించడం మర్చిపోయారే" అని నాన్న నన్నే అడిగారు. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి సూదితో పోయింది, ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో నేను అడగలేదు.

ఎవరైనా వెళ్తే ఫైనల్ బిల్లు కట్టే ముందే తర్వాతి స్కాన్ తేదీలు కాగితం మీద రాయించుకోండి, పాత స్కాన్ సీడీలు పారేయకండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. హెపటైటిస్ బి మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపకండి, మా నాన్న మధ్యలో మానేస్తే చీవాట్లు పడ్డాయి.

ఇప్పుడు మూడు నెలలకోసారి ముందురోజే పినాకినీ రైల్లో చెన్నైలో దిగుతున్నాం. మొన్నటిది క్లీన్. కింద క్యాంటీన్‌లో సాంబార్ ఇడ్లీ బాగుంటుంది, స్కాన్ కోసం పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉంటాం కాబట్టి ఇంకా బాగుంటుంది.