ఇద్దరు కలిసి చేసే పోస్టర్‌కి స్క్రీన్ ప్రింటా, డిజిటల్ ప్రింటా?

"పోస్టర్ డిజైన్ అయిపోయింది. స్క్రీన్ ప్రింట్ చేయించాలా, డిజిటల్‌లో తీయించేయాలా?" ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. డిజైన్ అయిపోయాక అడగడమే ఇందులో చిక్కు. ఎలా అచ్చు వేస్తామో మొదట్లోనే తేల్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనికైతే ఇది మరీ ముఖ్యం.

డిజిటల్ సంగతి ముందు చెప్పేస్తాను. ఫైల్ ఇస్తే ప్రింట్ చేతికొస్తుంది. ఒక్క కాపీ చాలన్నా సరే. ఫొటో ఉన్నా, సన్నటి గ్రేడియెంట్ (మెల్లగా మారే రంగు ఛాయ) ఉన్నా, ఒక్కో కాపీ మీద ఒక్కో పేరు రావాలన్నా ఇబ్బంది లేదు. కాకపోతే మామూలు నాలుగు రంగుల మిషన్ ఫ్లోరసెంట్ గులాబీ ఇవ్వలేదు, నల్ల కాగితం మీద తెలుపు వేయలేదు. స్క్రీన్‌కి ఇవి చాలా తేలిక. స్క్రీన్ అంటే ఫ్రేముకి బిగించిన సన్నటి వల; బొమ్మ ఉన్నచోట తప్ప మిగతాదంతా మూసేసి, స్క్వీజీ అనే రబ్బరు పలకతో ఇంక్‌ని దానిలోంచి కాగితం మీదికి లాగుతాం. పైగా ఇంక్ కాగితం మీద ఒక పొరలా కూర్చుంటుంది, వేలితో తడిమితే అంచు తెలుస్తుంది. ఖర్చు లెక్క మీకు తెలిసిందే. స్క్రీన్‌లో రంగుకో ఫిల్మ్ (ఆ రంగు పడాల్సిన భాగాన్ని నల్లగా వేసిన పారదర్శక షీటు), రంగుకో స్క్రీన్ అంటూ ఖర్చంతా మొదటి కాపీకి ముందే అయిపోతుంది. డిజిటల్‌లో పదో కాపీకీ వందో కాపీకీ పెద్ద తేడా ఉండదు.

ఇదంతా ఎవరైనా చెప్తారు. నేను చూసేది ఇంకొకటి: మనసు మార్చుకోవడానికి ఎప్పటిదాకా వీలుంటుంది? డిజిటల్‌లో ఫైల్ పంపేశాక ఇక చేసేదేం లేదు. స్క్రీన్‌లో మొదటి రంగు ఆరుతుండగా కూడా మూడో రంగు గురించి ఆలోచించుకోవచ్చు. ఒక్కరే చేసే పనికి ఇది చిన్న విషయమే కావచ్చు. పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు మాత్రం మొత్తం పని దీని మీదే నడుస్తుంది.

పోయిన నెల బొమ్మలు వేసే స్నేహితురాలితో కలిసి ఒక నాటకానికి పోస్టర్ చేశాను. బొమ్మ తనది, అక్షరాలు నావి. 18 × 24 అంగుళాల సైజు. పసుపు, నీలం, నలుపు, మూడే రంగులు. 80 కాపీలు కావాలి, పాడయ్యేవాటిని లెక్కేసి 90 కాగితాలు పెట్టుకున్నాం. ముందు పసుపు లాగి ర్యాక్ మీద ఆరబెట్టాం. నీలంలో, కింది రంగు కనిపించేలా చేసే ట్రాన్స్‌పరెంట్ బేస్ ఎక్కువ కలిపాం, పసుపు మీద పడ్డచోట ఆకుపచ్చ రావాలని. మొదటి కాగితం మీద స్క్వీజీ లాగి స్క్రీన్ ఎత్తాను. దీపం వెలుగు మీదుగా చెట్టు కొమ్మలు వెళ్లే చోట, మేం మానిటర్ మీద చూసినదానికంటే చాలా ముదురు ఆకుపచ్చ వచ్చింది. కొమ్మ అంచు ఎంతో స్పష్టంగా ఉంది. తను వంగి కాసేపు చూసి, "ఇంక ఇక్కడ నల్ల గీత ఎందుకు?" అంది.

నలుపు స్క్రీన్ ఇంకా ఎక్స్‌పోజ్ చేయలేదు, అంటే ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపించి బొమ్మను స్క్రీన్ మీదికి దించలేదు. తను నలుపు ఫిల్మ్‌ని లైట్ టేబుల్ మీద పెట్టి, ఆ కొమ్మల గీతలన్నీ బ్లేడుతో గీకేసింది. పైన అంత ఖాళీ దొరికేసరికి నేను నాటకం పేరున్న ముక్కను కోసి, రెండు అంగుళాలు పైకి జరిపి టేపు వేశాను. పదిహేను నిమిషాల పని. పోస్టర్‌లో ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నది ఆ ఖాళీనే. అప్పటినుంచి ఆఖరి రంగు స్క్రీన్‌ని, ముందు రంగులు కాగితం మీద చూసేదాకా ఎక్స్‌పోజ్ చేయడం లేదు.

డిజిటల్‌లోనూ ప్రూఫ్ తీసి మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. అయితే అక్కడ మౌస్ ఒక్కరి చేతిలోనే ఉంటుంది, రెండోవాళ్లు పక్కన కూర్చుని "కొంచెం ఎడమకి, ఇంకొంచెం" అంటుంటారు. స్క్రీన్‌లో ఏ పొర ఫిల్మ్ దానికే ఉంటుంది. ఒకటి తన చేతిలో, ఒకటి నా చేతిలో.

కలిసి పని చేయడానికి ఈ పద్ధతి ఎంత అనువైనదో చాలామంది ఎప్పుడో గుర్తించారు. లండన్‌లో స్క్రీన్ ప్రింట్లు వేసే కెల్ప్రా స్టూడియో నడిపిన క్రిస్ ప్రేటర్ స్టెన్సిళ్లు చేత్తో కోసేవాడు. కళాకారుడు ఎడ్వర్డో పావొలోజ్జి 1960లలో తన కొలాజ్‌లు తెచ్చి ఆయనకిచ్చేవాడు. వాటిని పొరలుగా విడగొట్టి ప్రింటుగా మార్చడంలో ప్రేటర్ చూపు కూడా కలిసేది. 1968 మేలో పారిస్‌లో ఎకోల్ దే బోజార్ అనే కళల కాలేజీని ఆక్రమించిన విద్యార్థులైతే ఏ పోస్టర్ వేయాలో అందరూ కూర్చుని తేల్చుకునేవాళ్లు, ఎవరూ సంతకం పెట్టేవాళ్లు కాదు. లితోగ్రఫీ (రాతి మీద బొమ్మ గీసి తీసే అచ్చు) కంటే త్వరగా అవుతుందనే వాళ్లు స్క్రీన్‌కి మారారు.

స్క్రీన్‌తో కష్టాలు లేవని కాదు. మొదట్లో ఒక పోస్టర్‌లో ఎరుపు, నీలం రెండింటినీ అంచుకి అంచు ఆనించి పెట్టాను, ట్రాపింగ్ (ఒక రంగును ఇంకోదాని కిందికి కాస్త చొప్పించడం) ఇవ్వలేదు. కాగితం వెంట్రుకవాసి జరిగినా మధ్యలో తెల్లటి గీత పడింది, సగానికి పైగా కాపీలు పోయాయి. లేత రంగును ముదురు రంగు కిందికి కనీసం అర మిల్లీమీటరు చొప్పించండి. కాగితానికి సెంటీమీటరుకి 90 నుంచి 120 దారాలున్న మెష్ (స్క్రీన్‌కి బిగించే వల) వాడండి. బట్టలకి వాడే 43 మెష్ తెస్తే ఇంక్ మరీ ఎక్కువ దిగి చిన్న అక్షరాలు పూడిపోతాయి. హాఫ్‌టోన్ (ఛాయల్ని చిన్న చుక్కలుగా మార్చడం) అంగుళానికి 45 లైన్లు దాటకుండా ఉంటే చుక్కలు బాగా నిలుస్తాయి. నీటి ఇంక్ అయితే మధ్యలో కబుర్లకి ఆగకండి, మెష్‌లోనే ఆరిపోతుంది.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మా పోస్టర్‌కి 90 కాగితాలు, మూడు రంగులు, అంటే 270 సార్లు స్క్వీజీ లాగడం. రెండు రోజులు ఇద్దరం అక్కడే ఉన్నాం. మీ జోడీ వేరే ఊళ్లో ఉండి, రాలేని పరిస్థితి అయితే నేను చెప్పిన లాభం సగానికి సగం పోతుంది. అప్పుడు డిజిటల్‌కే వెళ్లండి. గడువు రెండు రోజులే ఉన్నా, బొమ్మ మొత్తం ఫొటో మీదే ఆధారపడినా, ఇరవై కాపీలే కావాల్సినా డిజిటలే.

రైసో గురించి కూడా అడుగుతుంటారు. జపాన్‌లోని రైసో కగాకు కంపెనీ 1980లో తెచ్చిన, చూడటానికి కాపీ మిషన్‌లా ఉండే ప్రింటింగ్ మిషన్ అది. రంగుకో డ్రమ్, వేగం బాగుంటుంది, చిన్న పుస్తకాలకి చక్కగా సరిపోతుంది. సైజు ఎ3 దాటదు, ఇంక్ చేతికంటుతుంది. పెద్ద పోస్టర్‌కి నేను దాని జోలికి వెళ్లను.

వచ్చే నెల నలుగురం కలిసి ఒకటి మొదలుపెడుతున్నాం, మనిషికో రంగు. ముందు రంగు కాగితం మీద ఆరేదాకా తర్వాతివాళ్లు తమ ఫిల్మ్ గీయకూడదని ఒక్కటే నియమం పెట్టుకున్నాం. లేత రంగు ముందు పడాలి కాబట్టి పసుపు నేను తీసుకున్నాను. దాని మీద మిగతా ముగ్గురూ ఏం వేస్తారో నాకింకా తెలీదు.