టెలీ మానస్ 14416: పహల్గాం తర్వాత మా అబ్బాయి కోసం చేసిన ఫోన్

మాది నెల్లూరు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో మా జిల్లాలోని కావలికి చెందిన వ్యక్తి కూడా ఉన్నారని తెలియడంతో ఇక్కడ ఇంటింటా అదే మాట నడిచింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియోలను ఏడో తరగతి పూర్తి చేసిన మా అబ్బాయి నా ఫోన్‌లోనే చూశాడు. ఆ తర్వాత రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు లేచి తలుపు గడియ చూసి వచ్చేవాడు, లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. ఒక సాయంత్రం క్రికెట్‌కు పిలవడానికి వచ్చిన ముస్లిం స్నేహితుణ్ణి గుమ్మం నుంచే పంపేసి, "అమ్మా, వీడు కూడా పెద్దయ్యాక అలాగే అవుతాడా?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేశాను.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవ 24 గంటలూ, తెలుగుతో కలిపి 20 భాషల్లో అందుతుంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు.

కౌన్సెలర్ ముందు నాతో మాట్లాడి, తర్వాత స్పీకర్ పెట్టమన్నారు. "నువ్వు చూసింది చెప్పాలనిపిస్తే చెప్పు నాన్నా, వద్దనిపిస్తే మానెయ్" అన్నారు. వాడు చాలాసేపు బ్యాటు పిడికి చుట్టిన టేపును గోటితో లేపుతూ కూర్చున్నాడు, ఆమె తొందరపెట్టలేదు. చివరికి నన్ను అడిగిన ప్రశ్నే ఆమెనూ అడిగాడు. అలా అనకూడదని మందలించకుండా, ఆ స్నేహితుడు నీతో ఎలా ఉంటాడని అడిగారు. జ్వరం వచ్చినప్పుడు తన నోట్సు వాడే రాసిపెట్టాడని మావాడు చెప్పాడు. అప్పుడు ఆమె, అదే రోజు అక్కడ పర్యాటకులను గుర్రంపై తిప్పే ఒక ముస్లిం యువకుడు ఉగ్రవాదులను ఎదిరించబోయి ప్రాణాలు కోల్పోయిన సంగతి చెప్పి, "చంపినవాళ్లకు కావలసింది మనం పక్కవాళ్లను చూసి భయపడటమే" అన్నారు. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే: భయాన్ని కొట్టిపారేయకుండానే, ఆ భయం ద్వేషంగా మారే చోట పిల్లవాడిని ఆపి ఆలోచింపజేశారు.

వీడియోలు తీసేయమని, రోజంతా వార్తా ఛానెళ్లు నడపవద్దని, "ఏం కాదులే" అని మాట తుంచేయకుండా వాడు చెప్పేది పూర్తిగా వినమని నాకు సూచించారు. నా ఫోన్‌నే నేను గమనించుకోలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. వాడు స్నేహితుడితో మళ్లీ ఆడటానికి పది రోజులు పట్టింది, గదిలో లైటు మాత్రం జూన్‌లో బడి తెరిచేదాకా వెలుగుతూనే ఉంది.

అయితే ఇప్పటికే విద్వేషం నూరిపోసే గ్రూపుల్లో కూరుకుపోయిన కుర్రవాడికి ఒక్క ఫోన్ సంభాషణ చాలదని నా అభిప్రాయం. అలాంటి వారిని మానసిక వైద్యుల దగ్గరికి నేరుగా తీసుకెళ్లాలి. మీ జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో కూడా ఈ నంబరుకే ఫోన్ చేసి అడగవచ్చు.