ఐపీవీ6 మాత్రమే ఉన్న అద్దె సర్వర్: పర్లాకిమిడి నుంచి ఒక వినియోగదారు సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాను: ఐదుకు మూడున్నర. సర్వర్ వరకే అయితే నాలుగున్నర ఇచ్చేవాడిని. ఆ కోసిన ఒక్క మార్కు అద్దెకిచ్చిన కంపెనీ ఖాతాలోది కాదు, చుట్టూ ఉన్న ఇంటర్నెట్ ఖాతాలోది.

పర్లాకిమిడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే చిన్న కేంద్రం నడుపుతున్నాను. ఊరు ఒడిశాలో ఉంది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాత కంప్యూటర్లలో డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, లిబ్రెఆఫీస్, రెండు భాషల కీబోర్డులు, లోహిత్ ఫాంట్లు కలిపి ఒక డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మార్చిన నకలు) తయారుచేసి పెట్టుకున్నాను. దాన్ని ఇళ్ల దగ్గర కూడా దించుకోవడానికి వీలుగా ఎక్కడైనా ఉంచాలి. అందుకే ఈ సర్వర్.

ఇంటర్నెట్‌లో యంత్రాలు ఒకదాన్నొకటి సంఖ్యల చిరునామాలతో గుర్తుపడతాయి. వాటి పాత పద్ధతి ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. ఒకటి మాత్రమే ఉన్న యంత్రం రెండోది మాత్రమే ఉన్నదానితో నేరుగా మాట్లాడలేదు. ఐపీవీ6 మాత్రమే ఉన్నది ఎందుకు తీసుకున్నానంటే చవక కాబట్టి. పాత పద్ధతి చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది, అదే ఏడాది ఏప్రిల్‌లో మన ఆసియా-పసిఫిక్ ప్రాంతం చిట్టచివరి వాటాకు వచ్చింది. అప్పటి నుంచి ఐపీవీ4 చిరునామా అంటే కొని దాచుకునే సరుకు. అమెజాన్ క్లౌడ్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో ఐపీవీ4 చిరునామాకు గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తోంది. నెలకు మూడున్నర డాలర్ల పైమాటే. చిన్న సర్వర్ అద్దె కూడా చాలాచోట్ల అంతే. చిరునామా వద్దంటే ఖర్చు సగానికి దిగుతుంది, నాలాంటివాడు అటే చూస్తాడు.

యంత్రం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆగలేదు, వేగం బాగుంది, డిస్క్ చాలింది. డెబియన్ ప్యాకేజీలు, భద్రతా సవరణలు ఐపీవీ6 మీద చక్కగా వస్తాయి. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ మూల కోడ్ వస్తుంది, పైథాన్ ప్యాకేజీల సూచిక పైపీఐ కూడా పలుకుతుంది. ఇంతవరకు చూసి సమీక్ష రాసేవారికి ఇది బంగారంలాంటి బేరమే అనిపిస్తుంది.

తర్వాత, ఇతరుల కోడ్‌కు నకలు దించుకునే గిట్ క్లోన్ ఆజ్ఞ కొట్టి చూడండి.

ఓపెన్ సోర్స్ కోడ్‌లో అధిక భాగం దాచుకున్న ఆ పెద్ద గిడ్డంగి పేరు నేను చెప్పను, గిట్ వాడేవారికి చెప్పనక్కరలేదు. నేను ఇది రాసే నాటికి దాని ముఖద్వారానికి ఐపీవీ6 చిరునామా లేదు. నెట్‌వర్క్ అందుబాటులో లేదని ఒక వరుస వచ్చి ఆగిపోతుంది. విచిత్రం ఏమిటంటే, విడి ఫైళ్లు పంచిపెట్టే దాని పెరటి సర్వర్లు ఐపీవీ6 మీద హాయిగా పలుకుతాయి. సరుకున్న గదికి కొత్త దారి వేశారు, అక్కడికి వెళ్లాలంటే దాటాల్సిన గుమ్మానికి వేయలేదు.

నేరుగా ఆ గుమ్మం తట్టినప్పుడు కనీసం కారణం తెలుస్తుంది. పరోక్షంగా తగిలినప్పుడే చిరాకు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారం ఎన్‌పీఎం నుంచి ఒక ప్యాకేజీ దిగుతుంది, అంతా బాగుందనుకుంటాం. దానిలోపలి ఇన్‌స్టాల్ స్క్రిప్టు ముందే తయారుచేసిన బైనరీ (నేరుగా నడిచే ఫైలు) కోసం చడీచప్పుడు లేకుండా ఆ గిడ్డంగికే వెళ్లి, అక్కడ నిలబడిపోతుంది. ఏ ప్యాకేజీ ఎక్కడికి వెళ్తుందో పైకి కనబడదు. పది పనిముట్లలో తొమ్మిది ఐపీవీ6కు సిద్ధమైనా, పదోది కాకపోతే మొత్తం గొలుసు సిద్ధం కానట్టే.

దీనికి విరుగుడు న్యాట్64. దాని ప్రమాణం 2011 నాటిది: కొత్త చిరునామా మాత్రమే ఉన్న యంత్రానికీ పాత చిరునామా మాత్రమే ఉన్న సైటుకూ మధ్య దుబాసీ పని చేస్తుంది. యూరప్‌లో కొందరు స్వచ్ఛందంగా నడిపే సేవను నేను వాడుతున్నాను. పని జరుగుతుంది. అయితే ముక్కూమొహం తెలియని పుణ్యాత్ముల యంత్రం గుండా పాత చిరునామా సైట్ల నుంచి వచ్చే నా దిగుమతులన్నీ పోతున్నాయి. ఫైళ్ల డిజిటల్ సంతకాలు సరిచూసుకోకుండా ఈ దారిన ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. డెబియన్‌లో ప్యాకేజీలు దించే ఆప్ట్ తనంతట తానే సరిచూస్తుంది, చేత్తో దించిన ఫైలుకు ఆ పని మీదే.

ఇక అసలు కథ ఇళ్ల దగ్గర. ఫోనులో డౌన్‌లోడ్ అయిన ఫైలు ఇంటి కంప్యూటర్‌లో ఎందుకు అవడం లేదని పిల్లలు అడగసాగారు. లింకు అదే, ఫోను తెరుస్తుంది, కంప్యూటర్ సైటే లేదంటుంది. ఒక తండ్రి అయితే "మాస్టారూ, మీ సర్వరు ఫోనుతోనే మాట్లాడుతుందా?" అన్నారు. సరిగ్గా అదే. 2016లో వచ్చిన జియో 4జీ మొదటి నుంచీ ఐపీవీ6తో నడిచింది. పాత సైట్ల కోసం కావలసిన అనువాదాన్ని ఆండ్రాయిడ్, కంపెనీ నెట్‌వర్క్ కలిసి చేసేస్తాయి. గూగుల్ లెక్కల్లో భారతదేశంలో ఐపీవీ6 వాడకం 70 శాతం దాటింది, ప్రపంచ సగటు సగం దరిదాపుల్లో ఉంది. కానీ మా వీధి కేబుల్ ఫైబర్‌లో ఐపీవీ6 లేనే లేదు. రౌటర్ పేజీ తెరిస్తే 100.64తో మొదలయ్యే చిరునామా కనిపిస్తుంది. అంటే వీధి వీధంతా ఒకే బయటి చిరునామా వెనుక ఉంది. కేబుల్ ఆయన్ను అడిగితే "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు మాస్టారూ" అన్నాడు.

ఆ ఉమ్మడి చిరునామాకు మరో శిక్ష ఉంది. లాగిన్ లేకుండా అడిగేవారికి పెద్ద సైట్లు చిరునామాను బట్టి కోటా పెడతాయి. ఇందాకటి గిడ్డంగి ఏపీఐ (ప్రోగ్రాములు ప్రశ్నలడిగే ద్వారం) అయితే గంటకు 60 విన్నపాలు. కొత్త వెర్షన్ వచ్చిందా అని చూసే నా స్క్రిప్టు ఒక్కోసారి మొదటి ప్రశ్నకే చీవాట్లు తింటుంది, ఎందుకంటే ఆ కోటాను ముందే ఇంకెవరో వాడేసి ఉంటారు. డెబియన్ టోరెంట్‌ను ఇంటి నుంచి పంచిపెడదామన్నా బయటివారు లోపలికి రాలేరు. తీసుకున్నంత తేలికగా ఇవ్వడం కుదరదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

ఇబ్బంది రాగానే "ఐపీవీ6 ఆపేయండి" అని సలహా ఇచ్చేవారు కోకొల్లలు. బ్రౌజర్ ఒక దారి మొరాయిస్తే దాదాపు పావు సెకను ఆగి రెండో దారి పడుతుంది, చాలా కమాండ్ లైన్ పనిముట్లు మొదటి దారి దగ్గరే పడిగాపులు పడతాయి. కాబట్టి ఆ సలహా ఆ పూటకు పనిచేస్తుంది. తర్వాత దాన్ని తిరిగి ఆన్ చేసేవారు ఉండరు. అలా ఆపేసినవారు పెరిగేకొద్దీ "అడిగేవారే లేరు" అన్న మాటకు బలం వస్తుంది.

చివరికి రెండు రకాల చిరునామాలూ ఉన్న ఉచిత సీడీఎన్‌ను (మన ఫైళ్లను తన సర్వర్ల ద్వారా అందించే మధ్యవర్తి సేవను) సర్వర్ ముందు పెట్టాను. ఇళ్లలో డౌన్‌లోడ్లు మొదలయ్యాయి. ఊరికొక మిర్రర్ (సాఫ్ట్‌వేర్ నకళ్లు ఉంచి పంచే సర్వర్) ఉండాలన్న పాత పద్ధతి నచ్చే నాకు, నా చిన్న మిర్రర్ ఒక బహుళజాతి సంస్థ గొడుగు కింద నిలబడటం నచ్చలేదు. వేరే దారి మాత్రం కనబడలేదు. కేంద్రంలో ఆప్ట్ క్యాషర్ పెట్టుకోవడం వల్ల రోజువారీ ప్యాకేజీల బాధ చాలావరకు తగ్గింది, ఒకసారి దిగింది మళ్లీ దిగనక్కరలేదు.

సరిహద్దు జిల్లా అనగానే నెట్ విషయంలో మేమే వెనుకబడ్డామనుకుంటారు. ఇక్కడ సంతలో కూరగాయలమ్మే మనిషి చేతిలోని ఫోనుకు ఐపీవీ6 ఉంది. లేనిది ప్రపంచానికంతా కోడ్ పంచే చోట.

వ్యక్తిగత బ్యాకప్‌కో, ప్రయోగాలకో అయితే ఇలాంటి సర్వర్ కళ్లు మూసుకుని తీసుకోండి. పదిమందికి ఫైళ్లు పంచాలంటే మాత్రం వారి ఇళ్లలో ఏ కనెక్షన్ ఉందో ముందు కనుక్కోండి. నేను గడువు తీరగానే మళ్లీ ఏడాదికి కట్టాను. సీడీఎన్‌ను మా వీధి ఫైబర్‌కు ఐపీవీ6 వచ్చాకే తీస్తాను. కేబుల్ ఆయనకు అడిగేవారి పేర్ల జాబితా ఒకటి రాసి ఇచ్చాను, ప్రస్తుతానికి అందులో అందరూ మా పిల్లల తల్లిదండ్రులే.