గ్లోబల్ ఫిషింగ్ వాచ్ మ్యాప్: ఘనా తీరం మీద పెట్టి చూస్తే

సరుకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌ని, ఊరు విశాఖ. దొంగ చేపల వేటను బయటపెడుతుందని పేరున్న ఈ వెబ్‌సైట్‌ను ఘనా తీరం మీద పెట్టి చూశాను, టెమా పోర్టు దారి తెలుసు కాబట్టి. రాత్రి వాచ్‌లో అక్కడ రాడార్‌కు సరిగా అందని చెక్క పడవలు ఎదురొస్తాయి. పడవవాళ్ల చేతిలో టార్చిలైటు తప్ప ఇంకేమీ ఉండదు. మాకూ టెన్షనే, వాళ్లకూ టెన్షనే.

ముందు మంచి చెప్తాను. 2016లో ఓషియానా, స్కైట్రూత్ అనే పర్యావరణ సంస్థలు, గూగుల్ కలిసి మొదలుపెట్టారు. పైసా కట్టక్కర్లేదు. ఓడలు తమ పేరు, చోటు, వేగం చెప్పుకుంటూ పోయే ఏఐఎస్ సిగ్నళ్లను పట్టి, కదలికను బట్టి ఎవరు ఎక్కడ వేటాడుతున్నారో లెక్కగడుతుంది. ఒక ట్రాలర్‌ను, అంటే వల ఈడ్చుకుంటూ వేటాడే ఓడను, ఎంచుకుని దాని దారి చూశాను. మూడు నాలుగు నాట్ల (గంటకు సుమారు ఆరేడు కిలోమీటర్ల) వేగంతో అటూ ఇటూ తిరిగిన గీతలు, అచ్చం నాగటి చాళ్లలా. సరుకు ఓడ అలా తిరగదు. కింద ఉన్న తేదీల పట్టీని జరుపుతుంటే సీజనంతా కళ్లముందు నడుస్తుంది. ఈ పని మాత్రం చాలా బాగా చేశారు.

ఇక ఎన్‌కౌంటర్ల సంగతి. రెండు ఓడలు 500 మీటర్ల లోపు, కనీసం 2 గంటలు, దాదాపు ఆగినట్టు పక్కపక్కన ఉంటే గుర్తు పడుతుంది. నడిసముద్రంలో సరుకు చేతులు మారడం ఇలాగే దొరుకుతుంది. కానీ రెండింటికీ ఏఐఎస్ ఉండాలి. ఘనాలో 'సాయికో' అనే దందా తీరే వేరు. సముద్రం అడుగున ఉండే చేపలకు లైసెన్సు తీసుకున్న ట్రాలర్లు, నాటు పడవలవాళ్లకు దక్కాల్సిన కవళ్ల లాంటి చేపలను ఊడ్చేసి, గడ్డకట్టించి, దిమ్మలుగా సముద్రంలోనే పడవలకు అమ్మేస్తాయి. చట్టం ఒప్పుకోదు. అయినా 2017లో ఇలా దాదాపు లక్ష టన్నులు ఒడ్డుకు చేరాయని ఎన్విరాన్‌మెంటల్ జస్టిస్ ఫౌండేషన్ అనే సంస్థ అంచనా. చెక్క పడవకు ఏఐఎస్ ఎక్కడిది? మ్యాప్‌లో ట్రాలర్ ఒక్కటే నిలబడి ఉంటుంది. జెండా, అంటే ఓడ రిజిస్ట్రేషన్, ఘనాదే. వెనక ఉన్న యజమానులు ఎక్కువగా చైనావాళ్లన్నది జెండా చూస్తే తెలిసేది కాదు.

అసలు ఏఐఎస్ పెట్టింది ఓడలు గుద్దుకోకుండా. గమ్యం మేం చేత్తో టైప్ చేసేదే, ఆపేయడం కూడా మనిషి చేతిలో పనే. అందుకే రాడార్ ఉపగ్రహాల లేయర్ ఆన్ చేసుకోండి. చీకట్లో, మబ్బుల్లో కూడా ఓడ చుక్కలా తేలుతుంది, పేరు మాత్రం రాదు. పెద్ద ఫిషింగ్ ఓడల్లో నాలుగింట మూడు వంతులు బహిరంగ ట్రాకింగ్‌కు అందడం లేదని, అందులో చాలా భాగం ఆఫ్రికా, దక్షిణాసియా చుట్టూ ఉందని 2024 జనవరిలో నేచర్ పత్రికలో రాసింది ఈ గ్లోబల్ ఫిషింగ్ వాచ్ వాళ్లే. తమ మ్యాప్‌లో ఉన్న చిల్లు తామే కొలిచి చెప్పడం నాకు నచ్చింది.

మన దగ్గర తీరానికి 8 కిలోమీటర్ల లోపలికి చొరబడే మరబోట్లను ఇందులో పట్టేద్దామనుకునేవాళ్లు ఆశ పెట్టుకోకండి. 20 మీటర్ల లోపు బోట్లకు ఏఐఎస్ తప్పనిసరి కాదు.

డేటా కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి గస్తీకి పనికిరాదు. విలేకరులకు, కేసు వేసేవాళ్లకు బంగారం. చూడటానికి అకౌంట్ అక్కర్లేదు, డేటా దింపుకోవాలంటే రిజిస్టర్ అవ్వాలి. అదీ ఉచితమే. ఫోన్‌లో వద్దు, ల్యాప్‌టాప్ తీయండి.